మబ్బుగట్టు రాణిగారి పాలనాకాలం

2011 ఫిబ్రవరి పద్నాలుగు, సోమవారం, ఉదయం పది దాటి ఐదు నిమిషాలకు జనాభా లెక్కల అమ్మాయి మా ఇంటికి వచ్చింది. కుర్చీలో కూర్చుని కాగితాలు సర్దుకుని, "ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?" అని అడిగింది. ఒక్కదాన్నే అన్నాను. ఆ ప్రశ్న అలా అడగకూడదని కూడా చెప్పాను. ఎంతమంది ఉంటారని అడిగితే జనం తమకు తోచిన అంకె చెబుతారు. ప్రతి మనిషినీ కళ్ళతో చూసి రాసుకోవాలి. లోపల పడుకున్నారంటే లేపమనాలి.

"మీరు కూడా ఈ డ్యూటీ చేశారా మేడమ్?" అని నవ్వింది.

చేశాను, డెబ్బై ఒకటిలో. ఒక మనిషి తేడా వచ్చింది. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. ఆమె చూపు అప్పటికే నా పుస్తకాల బీరువా మీదికి పోయింది. అక్కడ జానెడు పొడుగున ఒక కొయ్య మేక ఉంటుంది. దానికి రెండు రెక్కలు.

"మేకకి రెక్కలేంటి మేడమ్?"

"అది మబ్బుగట్టు మేక. అక్కడ అన్ని మేకలకూ ఉంటాయి" అన్నాను.

అమ్మాయి నా వయసు గడి మరోసారి చూసుకుని, డెబ్బై నాలుగని నిర్ధారించుకుని, మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక మేక మీది దుమ్ము తుడిచాను. అలా ఆయన గుర్తొచ్చారు.

ఆయన పేరు రాయను. పటమటలో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు అప్పట్లోనూ లేరు. కృష్ణా కాలువ లాకుల దగ్గర సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు కనుక అందరికీ లాకుల గారే. కాలువలో ఎగువ నీళ్ళు ఒక మట్టాన, దిగువ నీళ్ళు ఇంకో మట్టాన ఉన్నచోట పడవలు ఎక్కడానికీ దిగడానికీ కట్టే తలుపుల గదిని లాకు అంటారు. ఆ తలుపులు తీయించడం, మూయించడం, నీటిమట్టం పుస్తకంలో రాయడం, ముప్పై ఏళ్ళకు పైగా ఆయన చేసిన పని అది. అందుకే ఆయన గొడుగు మీద కింది నుంచి పైకి అడుగులు, అంగుళాలు తెల్లరంగుతో గీసి ఉండేవి. వాన వెలిసిందంటే వీధిలోకి వచ్చి, గుంట కనబడినచోటల్లా గొడుగు నిలబెట్టి మట్టం చూసి, దారినపోయేవాళ్ళకు చెప్పేవారు. "ఏడంగుళాల పావు. రాసుకోండి." ఎవరూ రాసుకునేవారు కాదు. నేను ఒకసారి రాసుకుని మర్నాడు చూపించాను. ఆయన ముఖం అంతగా వెలగడం తర్వాత చాలా కాలం చూడలేదు.

అది తర్వాతి మాట. ముందు 1971 మార్చి పదహారు, మంగళవారం. నేను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచర్ని, ముప్పై నాలుగేళ్ళు. మా స్కూల్లో నా పిల్లలెవరూ రబ్బరు తెచ్చుకోకూడదు. తప్పు రాసి చెరుపుకోవడం అలవాటైతే ఒప్పు రాయడం అలవాటు కాదని నా నమ్మకం. జనాభా లెక్కలకు నాకిచ్చిన వీధుల కాగితాలు ఒక్క కొట్టివేత, ఒక్క దిద్దుబాటు లేకుండా పూర్తి చేయాలని పంతం పట్టాను. చేశాను కూడా. మా తహసీల్దారు గారు వాటిని మిగతా టీచర్లకు ఎత్తి చూపించారు. ఆ మెప్పు నాకు రెండేళ్ళ ఐదు నెలలు నిలిచింది.

లాకుల గారి ఇల్లు రెండు గదులు. ముందు గదిలో బల్ల, బల్ల నిండా నోటుపుస్తకాలు. ఎంతమంది ఉంటారని అడిగాను. "ఇద్దరమండీ, నేనూ మా ఆవిడా" అన్నారు. ఆవిడ ఏరీ అన్నాను. లోపల పడుకుందన్నారు. ఆవిడ పేరు, వయసు, చదువు తడుముకోకుండా చెప్పి, కాఫీ ఆయనే కలిపారు, మూడు గ్లాసులు. మూడో గ్లాసులో పంచదార వేయలేదు. అది పట్టుకుని తెర తొలగించి లోపలికి వెళ్ళి, కాసేపటికి ఖాళీ గ్లాసుతో వచ్చారు. నాకు ఇంకే సాక్ష్యం కావాలి? రెండు అని వేశాను.

వెళ్ళబోతూ బల్ల మీది పుస్తకాలేమిటని అడిగాను. చరిత్ర అన్నారు. ఏ చరిత్ర అన్నాను.

"మబ్బుగట్టుదండీ. కొండల రాజ్యం. ఏడు గట్లు, తొమ్మిది మంది పాలకులు, మూడు వందల పదహారేళ్ళు."

అలాంటి రాజ్యం నేను వినలేదన్నాను. "ఎలా వింటారండీ, ఇంకా పూర్తి కాలేదుగా" అన్నారు.

ఆ పుస్తకాల్లో ఒకటి చదవడానికి తెచ్చుకున్నాను. ఆ ఆదివారం చర్చి నుంచి తిరిగొస్తూ ఆయన గడపలో నిలబడి, మీ మూడో రాజు వాళ్ళమ్మ పోయిన రెండేళ్ళకు పుట్టాడని చెప్పాను. ఆయన చాలాసేపు లెక్క చూసుకుని, కుర్చీ తుడిచి వేశారు. అప్పటి నుంచి ఆరేళ్ళ పైచిలుకు, ఆదివారాలు నా పని అదే. ఆయన చరిత్ర చేసేవారు, నేను దిద్దేదాన్ని. చర్చి పెద్దగారి భార్య ఒకసారి నన్ను ఆపి, ఆ ఇంటికి వారం వారం ఎందుకెళ్తున్నావమ్మా అని అడిగింది. తొమ్మిదో పాలకుడి పట్టాభిషేకం తేదీ తేలడం లేదండీ అన్నాను. మళ్ళీ అడగలేదు.

ఆ చరిత్రలో కొన్ని సంగతులు రాస్తాను, ఇంకెక్కడా దొరకవు కనుక.

మబ్బుగట్టులో మబ్బులు వంతుల ప్రకారం వచ్చేవి. సోమవారం మబ్బు పైగట్టుది, మంగళవారం మబ్బు నడిమిగట్టుది. పైగట్టువాళ్ళు ఒక మంగళవారం మబ్బును తాళ్ళేసి కట్టి ఉంచేసుకున్నందుకు పద్నాలుగేళ్ళ యుద్ధం జరిగింది. అక్కడో నిప్పుపాము ఉండేది. ఏడో రాజు దాన్ని చంపకుండా ఉద్యోగమిచ్చి మిరపకాయలు ఎండబెట్టే పనిలో పెట్టాడు. ఘాటుకు తుమ్ములొచ్చి మూడు ఊళ్ళు తగలబెట్టాక అది తనంతట తనే రాజీనామా ఇచ్చింది. ఆరో రాజు కాలంలో ఎనిమిదేళ్ళు వదలకుండా పొగమంచు పట్టింది. ఆ మంచులో ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే రెండు ఊళ్ళవాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకున్నారు. మంచు విడిపోయిన రోజు దర్బారుకు వచ్చిన ఫిర్యాదులు రెండొందల పన్నెండు.

చదివేవాళ్ళకు ఇది కొండల రాజ్యం అనిపించకపోవచ్చు. నాకూ అనిపించలేదు. ఆయన జన్మలో డెల్టా దాటలేదు. అందుకని మంచుకొండల మీద కూడా వేసవి రాగానే కాలువలకు నీళ్ళు ఆపేసేవారు, పూడిక తీసేవారు. శిఖరం మీద సార్వా వరి నాట్లు వేసేవారు. సైన్యాలు పడవల మీద లాకులు దాటుకుంటూ యుద్ధానికి పోయేవి.

అవన్నీ వదిలేశాను, అంకెలు మాత్రం వదల్లేదు. ఒక యుద్ధంలో నాలుగు వేలమంది సైనికులు తాళ్ళ వంతెన మీద ఒక్కొక్కరుగా ఒక్క ఉదయంలో దాటేశారు. మనిషికి అర నిమిషం వేసినా ముప్పై మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుందన్నాను. వారం తిరిగేసరికి దిద్దుకొచ్చారు. వాళ్ళు దాటేదాకా శత్రువు మర్నాటి మధ్యాహ్నం వరకు ఆగాడు, గట్టువాళ్ళకు మర్యాద ఎక్కువ, అని. ఇంకోచోట నాలుగు వేల నూరడుగుల ఎత్తులో ఉన్న కాలువ నాలుగు వేల మూడొందల అడుగుల చెరువును నింపుతోంది. దీనికి మాత్రం ఆశ్చర్యపోయాను. మీరే ఇలా రాస్తే ఎలాగండీ, నీళ్ళు రెండొందల అడుగులు ఎగువకు ఎలా పోయాయని నిలదీశాను.

ఆయన సిగ్గుపడ్డారు. "ముప్పై ఏళ్ళు పల్లానికి పోవడమే చూశానండీ. విసుగొచ్చింది" అన్నారు.

ఆ చెరువును కిందికి దించారు. నేను చెప్పినవన్నీ దిద్దేవారు, ఒక్కటి తప్ప.

ఏటా ఏప్రిల్, మే నెలల్లో కాలువలకు నీళ్ళు ఆపి మరమ్మతులు చేస్తారు కదా. ఆయన కూడా ఆ రెండు నెలల్లో చరిత్ర మొత్తం కొత్త నోటుపుస్తకాల్లోకి ఎత్తి రాసేవారు. దాన్ని మరమ్మతు అనే పిలిచేవారు. కొత్త ప్రతి రాగానే నేను నా పట్టికతో సరిచూసేదాన్ని. అందులో తొమ్మిది మంది పాలకులకు పుట్టిన ఏడు, పట్టం కట్టిన ఏడు, పోయిన ఏడు, పాలించిన కాలం, నాలుగు గళ్ళు. ఎనిమిది మందికి కుదిరాయి. ఎనిమిదో పాలకురాలైన రాణిగారి దగ్గర కుదరలేదు. పంతొమ్మిదో ఏట పట్టం కట్టారు. యాభై ఒకటో ఏట పోయారు. పాలన ముప్పై రెండేళ్ళు కావాలి. ఆయన నలభై అని రాశారు. ఎర్రసిరాతో కొట్టి ముప్పై రెండు వేశాను. మరుసటి వేసవి ప్రతిలో నలభై ఒకటి ఉంది. మళ్ళీ కొట్టాను. డెబ్బై మూడు వేసవిలో నలభై రెండు.

తప్పు చేసేవాళ్ళను పదిహేనేళ్ళుగా చూస్తున్నాను. తప్పు అక్కడే ఉంటుంది, లేదా ఇష్టమొచ్చినట్టు గెంతుతుంది. ఏడాదికొకటి చొప్పున క్రమంగా పెరిగే తప్పును చూడలేదు. ఎత్తి రాసేటప్పుడు చెయ్యి జారిందేమోనండీ అన్నారాయన. ఏటా ఒకే దిక్కుకు జారుతుందా అన్నాను. గొడుగు పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయారు. వాన కూడా లేదు.

ఆ ఏడే ఆగస్టు పదకొండు, రెండో శనివారం, నాకు స్కూలు సెలవు. ఆయన, నేను, ఆయన పక్కింటావిడ, ముగ్గురం రైల్లో కొండపల్లి వెళ్ళాం. పక్కింటావిడకు బొమ్మలు కావాలి. ఆయనకు రెక్కల మేక చేయించాలి. బొమ్మలు చేసే ఆయన పొణికి చెక్క చెక్కుతూ, ఏనుగు అంబారీ ఉంది, తాడిచెట్టు ఎక్కేవాడున్నాడు, మేకకు రెక్కలు ఏ కథలో ఉన్నాయండీ అని అడిగాడు.

"కథలో కాదు, చరిత్రలో" అన్నారు లాకుల గారు.

"అయితే ఎగురుతుందాండీ?"

"ఎగరదు. బరువెక్కువ. గట్టు దిగేటప్పుడు కాళ్ళు జారకుండా విప్పుకుంటుంది అంతే."

ఆ జవాబుతో బొమ్మలాయనకు పని అర్థమైంది. చింతగింజల జిగురుతో రెక్కలు అతికించి, ఆరడానికి రెండు గంటలు పడుతుందన్నాడు. ఆ రెండు గంటల్లో కోట ఎక్కుదామన్నారు లాకుల గారు. అరవై ఆరేళ్ళ మనిషి, మూడొందల పదహారేళ్ళ కొండల చరిత్ర రాసిన మనిషి, జీవితంలో మొదటిసారి కొండ ఎక్కుతున్నారు. నేను అడుగులు లెక్కపెట్టాను. నూట నలభై రెండో అడుగు దగ్గర ఒక రాయి మీద కూర్చుండిపోయారు. చాలు, మిగతా ఎత్తు ఇంటికెళ్ళి రాసుకుంటానన్నారు.

మేమిద్దరం ఇంకాస్త పైకి వెళ్ళాం. వంపు దగ్గర ఆగి కిందికి చూస్తూ పక్కింటావిడ అంది, "పాపం ఆవిడ ఎన్నిసార్లు అడిగేదో అండీ, ఈ కోటకి తీసుకెళ్ళమని. లాకులొదిలి రావడానికి ఈయనకి ఎప్పుడూ కుదరలేదు."

"ఎవరు?"

"ఈయన భార్యండీ. పోయి పదేళ్ళు దాటిందిగా. అరవై మూడు మార్చిలో. మా రెండోదాని పురుడు అప్పుడే."

ఎంత వయసులో పోయారని అడిగాను. యాభై ఒకటి అంది. కాపురానికి ఎన్నో ఏట వచ్చారో తెలుసా అన్నాను. పంతొమ్మిదో ఏట వచ్చానని తనే చెబుతూ ఉండేదంది. ముప్పై రెండూ పదీ నలభై రెండని కూడటానికి నాకు కాగితం అక్కర్లేదు.

దిగేటప్పుడు నాకు ముందు వచ్చింది జాలి అని రాస్తే అబద్ధం. కోపం వచ్చింది. నా కాగితాల్లో ఒక తప్పు ఉంది. అప్పటికే పోయి ఎనిమిదేళ్ళయిన మనిషిని నా చేత్తో, నల్లసిరాతో, బతికున్నట్టు రాశాను. ఆ కాగితాలే అందరికీ ఎత్తి చూపించారు.

ఆయన కూర్చున్న రాయి దగ్గర ఆగి, "లాకుల గారూ, నా లెక్కలో ఒక మనిషి ఎక్కువైంది" అన్నాను.

ఆయన నా ముఖం చూశారు. నా వెనక వస్తున్న పక్కింటావిడను చూశారు. తర్వాత గొడుగు మీది అంకెలు చూశారు.

"చెప్పేసిందా" అన్నారు.

"లోపల పడుకుందన్నారు. కాఫీ పట్టుకెళ్ళారు."

"నేనే తాగానండీ. పంచదార లేకుండా నాకు సయించదు. అయినా తాగాను."

"నేను అడిగినదానికి అబద్ధం చెప్పారు."

"మీరు ఎంతమంది ఉంటారని అడిగారు టీచరు గారూ. ఎంతమంది బతికున్నారని అడగలేదు."

ఆ మాటకు నా కోపం రెండింతలైంది. ఇంటికి వెళ్ళగానే తహసీల్దారు గారికి ఉత్తరం రాసి ఆ అంకె తీయిస్తానన్నాను. మీ చరిత్రలో రాణిగారి పాలన కూడా ముప్పై రెండే, మళ్ళీ పెంచితే ఇక మీ పుస్తకం ముట్టనని కూడా అన్నాను. అక్కడి నుంచి పొలాలూ, దూరంగా కృష్ణా కనబడుతున్నాయి. ఆయన గొడుగు అటు చూపించారు.

"ఆనకట్ట దగ్గర తలుపు దించేస్తారు కదండీ. దించిన నిమిషానికి కాలువ చివర శివారు పొలాల్లో నీళ్ళు ఆగిపోతాయా? ఆగవు. రెండ్రోజులు, మూడ్రోజులు, ఒక్కోసారి వారం కూడా వస్తూనే ఉంటాయి. శివారు రైతుకి తలుపు దించారని తెలీదు. వాడు చేలో నీళ్ళు పెట్టుకుంటూనే ఉంటాడు." గొడుగు దించారు. "నేను శివారులో ఉన్నానండీ. నాకింకా వస్తున్నాయి. వచ్చినన్నాళ్ళూ రాసుకోనివ్వండి."

పక్కింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను టైము చూసుకుని, రెక్కలు ఆరి ఉంటాయి పదండి అన్నాను. ఇంతకన్నా మంచి మాట నాకు ఆ పూట తోచలేదు.

మేకకు ఎడమ రెక్క కొంచెం పైకి అతికింది. మార్చనా అని బొమ్మలాయన అడిగితే, దిగుతున్నప్పుడు అలాగే ఉంటుందని లాకుల గారు తీసేసుకున్నారు. రైల్లో కిటికీ దగ్గర దాన్ని బయటికి చూసేట్టు పట్టుకున్నారు. కొండలు వెనక్కి పోతుంటే "అదిగో, పైగట్టు" అని మేకకు చెప్పారు. ఎదురుగా కూర్చున్నాయన లేచి వేరే సీటుకు వెళ్ళాడు.

అన్న ప్రకారం మర్నాడే ఉత్తరం రాశాను. తేదీ వేశాను, ఇంటి నంబరు వేశాను, ఇద్దరు అన్నచోట ఒక్కరు అని ఉండాలని స్పష్టంగా రాశాను. తర్వాతి ఆదివారం ఆయన గుమ్మంలోనే అడిగారు, ఉత్తరం పోస్టులో పడిందా అని. పడలేదన్నాను. ఏం అన్నారు. స్టాంపు లేదన్నాను. ఆయన జేబులోంచి స్టాంపు తీసి ఇచ్చారు. నాకోసం వారమంతా జేబులో పెట్టుకు తిరిగినట్టు అంచులు నలిగి ఉంది. తీసుకుని నా పర్సులో పెట్టుకున్నాను. లోపలికి వెళ్ళి, తొమ్మిదో పాలకుడి సంగతి చూద్దాం పదండి అన్నాను.

ఆ వేళ కాఫీ మూడు గ్లాసులు కలిపారు. మూడోదానితో లోపలికి పోబోతే, ఇక్కడే తాగండి, నేనేమీ అనుకోనన్నాను. ఆయన అక్కడే తాగారు, మొహం చిట్లించుకుంటూ.

డెబ్బై నాలుగు వేసవి ప్రతిలో రాణిగారి పాలన నలభై మూడు. డెబ్బై ఐదులో నలభై నాలుగు. పక్కన ఎర్రసిరాతో ఒప్పు గుర్తు వేశాను. నేను అంకె తప్పుగా ఉందని తెలిసీ ఒప్పు వేసింది నా సర్వీసులో అక్కడ ఒక్కచోటే.

ఆయన 1978 జనవరి ఇరవై రెండున పోయారు. నిద్రలో పోయారని పక్కింటావిడ చెప్పింది. పది రోజులయ్యాక ఆమె ఒక సంచీ తెచ్చి ఇచ్చింది. అందులో మేక, కిందటి వేసవి ప్రతి ఉన్నాయి. గొడుగు ఎవరో పట్టుకుపోయారట, దాని మీది అంకెలు ఎందుకో వాళ్ళకు తెలియదు.

పుస్తకం మొదటి నుంచీ సరిచూశాను. రాణిగారి పాలన నలభై ఆరేళ్ళు. చివర్లో నాకు చూపించని పేజీ ఒకటి ఉంది, కొత్తగా చేర్చినట్టుంది. రాణిగారి దర్బారులో ఒక లెక్కల మంత్రిణి ఉండేదట. ఎర్రసిరా బుడ్డి మెడలో వేసుకుని తిరిగేదట. యుద్ధానికి పోయే సైన్యం కూడా ఆమె దగ్గర ఆగి, వంతెన దాటడానికి ఎంతసేపు పడుతుందో అడిగి పోయేదట. "ఆమె తన జీవితంలో ఒక్క లెక్కే తప్పింది. ఆ తప్పు వల్ల రాజ్యంలో ఒక మనిషి పెరిగింది. అందుకు మబ్బుగట్టు ప్రజలు ఏటా ఆ రోజున కాఫీలో పంచదార మానేస్తారు."

ఇది చదివి కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాను. తర్వాత తేదీలు చూశాను. ఆమె మంత్రిణి అయింది మబ్బుగట్టు శకం 251లో. పుట్టింది 254లో. నన్ను పుట్టడానికి మూడేళ్ళ ముందే ఉద్యోగంలో పెట్టారు. ఆయన పొరపాటున అలా రాయలేదు, నాకు తెలుసు. నేను పట్టుకుంటానని రాశారు. ఎర్రసిరాతో దిద్ది, పక్కన మార్కులు తగ్గించాను.

అది ఫిబ్రవరి మొదటి వారం. మార్చి వచ్చింది. పుస్తకం తెరిచి ఎనిమిదో పాలకురాలి పేజీ తీశాను. కొట్టివేత పెడితే ఆ పేజీ పాడవుతుంది. నా ముందు పోస్టు చేయని ఉత్తరం ఉంది, నలిగిన స్టాంపు ఉంది. బజారుకు వెళ్ళి, నలభై ఒక్కేళ్ళ వయసులో, మొదటిసారిగా ఒక రబ్బరు కొన్నాను. సిరా అంకెను మెల్లగా గీరి తీసి, పెన్సిలుతో నలభై ఏడు వేశాను.

అప్పటి నుంచి ఏ మార్చీ తప్పలేదు. ఇప్పుడు అక్కడ డెబ్బై తొమ్మిది ఉంది. ముప్పై మూడుసార్లు చెరిపి రాసినచోట కాగితం ఉల్లిపొరలా అయింది, వెలుతురుకు పెడితే వెనక పేజీలో నిప్పుపాము రాజీనామా కనబడుతోంది. వచ్చే నెల ఎనభై వేయాలి. ఈసారి చిరిగితే వెనక నుంచి చిన్న ముక్క అతికించి రాస్తాను. చింతగింజల జిగురు బాగా పట్టుకుంటుందని మేకను చూస్తే తెలుస్తూనే ఉంది.